డ్రీమ్‌కాస్ట్ మీదికి నా ఘాట్ రోడ్డు రేసు: పోర్టింగ్ డైరీ

ఆట పీసీలో ఎప్పుడో పూర్తయింది. సీ భాషలో తొమ్మిది వేల లైన్లు, బొమ్మలు గీయడానికి ఓపెన్‌జీఎల్ లైబ్రరీ, ఒకే ఒక్క ట్రాక్. 4.1 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, పదకొండు హెయిర్‌పిన్ మలుపులు, ఎదురుగా లారీలు. బండరాళ్ల ఫొటోలు, పిట్టగోడల ఫొటోలు శ్రీశైలం దారిలో ఈగలపెంట దాటాక తీసినవి. ట్రాక్ మాత్రం నా ఊహే. ఇప్పుడు దాన్ని సెగా డ్రీమ్‌కాస్ట్ అనే పాత వీడియో గేమ్ కన్సోల్ మీద నడిచేలా మార్చాలి, పోర్టింగ్ అంటే ఇదే. ఈ కన్సోల్ నా ఆటకే కొత్త, లోకానికి కాదు. జపాన్‌లో 1998 నవంబరు 27న వచ్చింది, తయారీ ఆపేస్తున్నామని సెగా 2001 జనవరిలో చెప్పేసింది.

ఎందుకీ పని అని అడిగేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు. ఇదే పని నెత్తిన పెట్టుకునేవాళ్లకు మాత్రం నేను పోగొట్టుకున్న శని, ఆదివారాలు కొన్ని మిగులుతాయని రాస్తున్నాను.

మెషిన్ సంగతి క్లుప్తంగా: 200 మెగాహెర్ట్జ్ హిటాచి ఎస్‌హెచ్-4 ప్రాసెసర్, 16 ఎంబీ మెయిన్ మెమరీ, 8 ఎంబీ వీడియో మెమరీ, 2 ఎంబీ సౌండ్ మెమరీ. బొమ్మ గీసేది పవర్‌వీఆర్ చిప్. నా గురి 640×480 పిక్సెళ్లలో సెకనుకు 60 ఫ్రేములు (తెర మీద కొత్త బొమ్మలు). అంటే ఒక్కో ఫ్రేమ్‌కు నాకున్న టైమ్ 16.67 మిల్లీసెకన్లు. ఇక్కడినుంచి మి.సె. అని రాస్తాను.

దశ 1: కరెంటు

బావ ఒసాకా నుంచి వస్తూ తెచ్చాడు. కన్సోల్, ఒక కంట్రోలర్, ఒక మెమరీ కార్డు కలిపి 9,500 రూపాయలు పడింది. జపాన్ మెషిన్ కాబట్టి 100 వోల్టులకు చేసింది. దీని వెనక పట్టే కరెంటు తీగ మన పాత టేప్ రికార్డర్ల తీగే, ఎనిమిది అంకె ఆకారంలో ఉంటుంది. ఇంట్లో ఏ డ్రాయర్ లాగినా ఒకటి దొరుకుతుంది, చక్కగా పడుతుంది, నేరుగా 230 వోల్టులు లోపలికి పంపిస్తుంది. ప్రమాదమంతా ఆ చక్కగా పట్టడంలోనే ఉంది.

కోఠి గుజరాతీ గల్లీలో ఒక షాపులో 110 వోల్టుల స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను, 700 రూపాయలు. ఇంటికొచ్చి మల్టీమీటర్ పెడితే లోడ్ లేకుండా 118 చూపించింది. ఆ పూట మా లైన్లో 243 వోల్టులు వస్తున్నాయి, దానికి తగ్గట్టు ఇదీ పెరిగింది. 100కు చేసిన పాత మెషిన్‌కు 118 ఇవ్వడానికి చెయ్యి రాలేదు. మా వీధి చివర మోటార్లు చుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్తే రెండో వైపు చుట్లు కొన్ని తీసేసి ఇచ్చాడు. అది 450. ఇప్పుడు లోడ్ మీద 102 నుంచి 104 మధ్య ఉంటోంది.

1. ట్రాన్స్‌ఫార్మర్‌ను కన్సోల్ లేకుండా మల్టీమీటర్‌తో చూడండి. పొద్దున ఒకసారి, రాత్రి పదకొండుకు ఒకసారి. వోల్టేజీ బాగా పెరిగేది రాత్రి పూటే.
2. కన్సోల్ తీగను ట్రాన్స్‌ఫార్మర్‌కు టేపు వేసి కట్టేయండి. ఎవరూ పీకి గోడకు పెట్టకూడదు.
3. పాత ఎల్‌సీడీ మానిటర్ ఉంటే వీజీఏ కేబుల్ కొనండి, 1,400. బొమ్మ టీవీలో కన్నా చాలా స్పష్టంగా ఉంటుంది, తప్పులు కనబడతాయి.

లెక్క (ప్రతి దశ చివరా మొదటినుంచి కలిపి): 12,050 రూపాయలు, 9 గంటలు.

దశ 2: కోడ్‌ను మెషిన్‌లోకి పంపడం

వాడింది కాలిస్టీ ఓఎస్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ, దానితోపాటు ఎస్‌హెచ్-4 కోసం కట్టుకున్న జీసీసీ కంపైలర్. కట్టడానికి నా ల్యాప్‌టాప్‌లో గంటా ఇరవై నిమిషాలు పట్టింది. అది దానంతట అదే అవుతుంది, అన్నం తినేసి రావచ్చు.

కష్టమంతా సీడీల దగ్గర. డీసీలోడ్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను సీడీ మీద రాసి బూట్ చేస్తే, ఆ తర్వాత కన్సోల్ వెనక సీరియల్ పోర్టు నుంచి ఎన్నిసార్లైనా కొత్త ప్రోగ్రామ్ పంపుకోవచ్చు. ఈ రోజుల్లో ఖాళీ సీడీలు ఎవరు అమ్ముతున్నారు? జిరాక్స్ షాపులో దుమ్ము పట్టిన కట్ట ఒకటి దొరికింది, పదింటికి 250. సీడీ రైటర్ 1,700. మొదటి రెండు సీడీలు పూర్తి వేగంతో రాశాను, కన్సోల్ రెండింటినీ మ్యూజిక్ సీడీలు అనుకుంది. రైటర్‌లో ఉన్న అతి తక్కువ వేగం పెట్టి రాసిన మూడోది బూట్ అయింది. 2000 చివర్లో, ఆ తర్వాత తయారైన కొన్ని మెషిన్లు ఇలా రాసిన సీడీలను అసలు తీసుకోవు. కొనేముందే అడగండి.

సీరియల్ కేబుల్ సొంతంగా చేసుకున్నాను, యూఎస్‌బీ బోర్డుతో కలిపి 850. మొదట 115,200 బాడ్‌లో (సెకనుకు అన్ని బిట్లు) పెట్టాను. 1.4 ఎంబీ ప్రోగ్రామ్ కుదించి పంపినా 1 నిమిషం 38 సెకన్లు. ఒక్క అంకె మార్చి చూడాలన్నా అంతే. మూడు రోజులు ఓపిక పట్టి, తర్వాత 15 లక్షల బాడ్‌కు మార్చాను. 11 సెకన్లకు దిగింది. మూడు రోజులు ఎందుకు ఆగానో ఇప్పటికీ అర్థం కాదు.

లెక్క: 14,850 రూపాయలు, 23 గంటలు.

దశ 3: మొదటి ఫ్రేమ్ రాకముందే పడిపోవడం

ఎమ్యులేటర్‌లో (పీసీలో కన్సోల్‌ను అనుకరించే ప్రోగ్రామ్) ఆట మొదలైంది, రోడ్డు కూడా కనబడింది. అసలు మెషిన్‌లో నల్ల స్క్రీన్. సీరియల్ తీగ నుంచి వచ్చిన చివరి లైనులో అడ్రస్ ఎర్రర్ అని, ఆగిపోయిన చోటు నంబరు. ఆ నంబరును సోర్స్ లైనుకు మార్చుకుని చూస్తే ట్రాక్ ఫైలు చదివే ఫంక్షన్.

ట్రాక్‌లో మీటరుకొక రికార్డు, మొత్తం 4,100. ఒక్కో రికార్డులో ఒక బైట్ రకం, రెండు బైట్ల గుర్తులు, ఆపైన ఆరు ఫ్లోట్లు (నాలుగేసి బైట్ల దశాంశ సంఖ్యలు). కలిపితే 27 బైట్లు. పీసీలో ఫైలును మెమరీలోకి లాగేసి స్ట్రక్చర్ పాయింటర్ తగిలించేసేవాడిని, అంటే బైట్లను ఉన్నవి ఉన్నట్టే రికార్డులుగా చదివేయడం. పీసీ ప్రాసెసర్ ఎక్కడున్న ఫ్లోట్‌నైనా చదివి పెడుతుంది. ఎస్‌హెచ్-4 అలా కాదు. నాలుగు బైట్ల సంఖ్య నాలుగుతో భాగించబడే అడ్రస్‌లోనే ఉండాలి, లేకపోతే అక్కడికక్కడే ఆగిపోతుంది. నా ఫ్లోట్ ఏకంగా మూడో బైట్ దగ్గర కూర్చుంది.

1. ఫ్లోట్లను ముందుకు, చిన్నవాటిని వెనక్కి జరిపాను.
2. చివర 5 బైట్లు ఖాళీ పెట్టి రికార్డును 32 బైట్లు చేశాను.
3. ఫైలు రాసే పీసీ టూల్‌నే మార్చాను, చదివే చోట అతుకులు వేయలేదు.

ఫైలు 20,500 బైట్లు పెరిగింది. 32 ఎందుకంటే ఈ ప్రాసెసర్ క్యాష్ లైను (మెమరీ నుంచి ఒకసారికి లాగే ముక్క) కూడా 32 బైట్లే, ఒక రికార్డు ఒక్క లాగుడులో వచ్చేస్తుంది. బైట్ల వరుస క్రమం గురించి నేను పడ్డ టెన్షన్ వృథా. డ్రీమ్‌కాస్ట్ కూడా పీసీ లాగే లిటిల్ ఎండియన్, సంఖ్యలో చిన్న విలువ బైటే ముందు.

లెక్క: 34 గంటలు.

దశ 4: 8 ఎంబీలో ఘాట్ రోడ్డు

వీడియో మెమరీ మొత్తం 8,192 కేబీ. 640×480, పిక్సెల్‌కు రెండు బైట్ల చొప్పున ఒక ఫ్రేమ్ బఫర్ (తెర బొమ్మ ఉండే జాగా) 600 కేబీ, రెండు కావాలి కాబట్టి 1,200. వర్టెక్సుల (త్రికోణాల మూలల) బఫర్లకు, చిప్ తన పనికి వాడుకునే జాగాకు 1,500 వదిలాను. బొమ్మలకు మిగిలింది 5,492 కేబీ. నా దగ్గరున్నవి 512×512 టెక్స్చర్లు (వస్తువుల మీద అతికించే బొమ్మలు) 61. పిక్సెల్‌కు రెండు బైట్లతో ఒక్కోటి 512 కేబీ, మొత్తం 31,232 కేబీ.

ఈ చిప్‌కు వీక్యూ అనే కంప్రెషన్ పుట్టుకతో వచ్చింది. బొమ్మను 2×2 పిక్సెళ్ల ముక్కలు చేసి, వాటిలో 256 నమూనాలు ఏరి, ప్రతి ముక్కకు దగ్గరి నమూనా నంబరు రాసుకుంటుంది. 512 కేబీ బొమ్మ 66 కేబీకి దిగుతుంది. అన్నీ మార్చేశాను, 4,026 కేబీ. బండలు, గడ్డి, తారు రోడ్డు అద్భుతంగా వచ్చాయి.

దారి పక్క బోర్డులు మాత్రం పోయాయి. "ప్రమాదకరమైన మలుపు" బోర్డు దగ్గరకు బండి తీసుకెళ్లి ఆపి చూశాను. తలకట్లు సగం అరిగిపోయాయి, చివరి "పు" కొమ్ము ఊడిపోయి "మలుప" అయింది. ఇంగ్లిష్ అక్షరాల్లో నిలువు, అడ్డ గీతలు ఎక్కువ. వాటికి 256 నమూనాలు సరిపోతాయేమో. మన అక్షరాలన్నీ వంపులు, అందులోనూ తలకట్టు అంటే రెండు మూడు పిక్సెళ్ల వ్యవహారం. వీక్యూ చేసే టూల్‌లో నాణ్యత పెంచినా లాభం లేకపోయింది.

అందుకని తొమ్మిది బోర్డులను వేరు చేసి, 512×256కు తగ్గించి, 16 రంగుల ప్యాలెట్ బొమ్మలుగా మార్చాను. పిక్సెల్‌కు నాలుగు బిట్లు, ఒక్కోటి 64 కేబీ. పసుపు, నలుపు, తెలుపు, వాటి మధ్య ఛాయలు తప్ప బోర్డులో ఇంకేం రంగులుంటాయి? కొమ్ము తిరిగొచ్చింది.

దూరంగా ఉన్న రోడ్డు మిలమిల మెరుస్తూ కళ్లు లాగుతుంటే 22 టెక్స్చర్లకు మిప్‌మ్యాప్‌లు (దూరానికి వాడే చిన్న సైజు కాపీలు) పెట్టాను. చివరి లెక్క:

1. వీక్యూ బొమ్మలు 52: 3,432 కేబీ
2. మిప్‌మ్యాప్‌ల అదనం: 484 కేబీ
3. బోర్డులు 9: 576 కేబీ
4. మొత్తం 4,492. మిగిలింది 1,000 కేబీ.

లెక్క: 60 గంటలు. మెయిన్ మెమరీలో ఇబ్బందేం రాలేదు.

దశ 5: ఒక్క ఫ్రేమ్‌కు 71 మి.సె.

ఆట నడుస్తోంది. సెకనుకు 14 ఫ్రేములు. స్లైడ్ షో.

ముందు చేసిన తప్పు చెప్తాను, ఎక్కువ గంటలు తినేసింది అదే. పీసీ అలవాటు కొద్దీ బొమ్మ గీయడమే భారం అనుకున్నాను. దగ్గరి వస్తువులు ముందు, దూరపువి తర్వాత గీస్తే చాటున ఉన్న పిక్సెళ్లు గీసే పని మిగులుతుంది కదా అని ఒక సార్టింగ్ రాశాను. రెండు వారాంతాలు పట్టింది. 71 కాస్తా 74 అయింది. పవర్‌వీఆర్ స్క్రీన్‌ను 32×32 పిక్సెళ్ల గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో ఏది ముందుందో తానే తేల్చుకుని, కనబడేదానికే రంగు వేస్తుంది. చాటున ఉన్నవాటికి ఖర్చే లేదు. అది ఊరికే చేసి పెట్టే పనికి నేను 3 మి.సె. ఖర్చు పెట్టాను.

సార్టింగ్ పీకేసి, రిజల్యూషన్ 320×240కు దించి చూశాను. 70.6. పిక్సెళ్లు నాలుగో వంతుకు తగ్గినా టైమ్ కదల్లేదంటే భారం గీయడంలో లేదు. ఈ పరీక్ష చేయడానికి నాలుగు నిమిషాలు. మొదటి రోజే చేయాల్సింది.

అప్పుడు టైమర్లు పెట్టి విడగొట్టాను. ఫిజిక్స్ 19, ట్రాక్‌లో ఏది కనబడుతుందో ఏరడం 8, వర్టెక్సుల లెక్కలు 31, చిప్‌కు అప్పజెప్పడం 9, మిగతావి 4. చిప్ గీసే పని పక్కన విడిగా నడుస్తుంది, దానికి 6.8 మాత్రమే.

1. డబుల్స్. ఎస్‌హెచ్-4 సింగిల్ ప్రెసిషన్‌లో (నాలుగు బైట్ల ఫ్లోట్) పరుగెడుతుంది, డబుల్ (ఎనిమిది బైట్లు) ఇస్తే మొరాయిస్తుంది. నేను కోడంతా ఫ్లోట్ అనే అనుకున్నాను. కానీ సీలో 0.5 అని ఊరికే రాస్తే అది డబులే, దాంతో కలిసిన ఫ్లోట్ కూడా డబుల్ అవుతుంది. డబుల్ ప్రమోషన్ వార్నింగ్ ఆన్ చేస్తే 212 లైన్లు బయటపడ్డాయి. అన్నిటికీ చివర ఎఫ్ తగిలించి, సైన్, కొసైన్‌లను ఫ్లోట్ రకాలకు మార్చాను. ఫిజిక్స్ 19 నుంచి 5కు, వర్టెక్సుల లెక్క 31 నుంచి 27కు. మొత్తం 53.

2. మ్యాట్రిక్స్ గుణకారం, అంటే వర్టెక్స్ తెర మీద ఎక్కడ పడుతుందో తేల్చే లెక్క. 4×4 మ్యాట్రిక్స్‌తో ఒక వెక్టర్‌ను గుణించడానికి ఈ ప్రాసెసర్‌లో ఒక్క ఇన్‌స్ట్రక్షన్ ఉంది, పేరు ఎఫ్‌టీఆర్‌వీ. నా సీ లూప్ తీసేసి కాలిస్టీ ఓఎస్‌లో దానికోసం ఉన్న ఫంక్షన్లు పెట్టాను. 27 నుంచి 9. మొత్తం 35.

3. స్ట్రిప్‌లు. కనబడే త్రికోణాలు 6,100. విడివిడిగా పంపితే 18,300 వర్టెక్సులు. పక్కపక్క త్రికోణాలను ఒకే పట్టీగా పంపితే 7,600. ఒక్కో వర్టెక్స్ 32 బైట్లు కాబట్టి 585,600 బైట్ల నుంచి 243,200కు. వాటిని మెమరీలో పేర్చి కాపీ చేయడం మానేసి, స్టోర్ క్యూల (ప్రాసెసర్ నుంచి డేటా బయటికి పంపే చిన్న బఫర్లు) ద్వారా నేరుగా చిప్‌కు పంపాను. క్యూ కూడా 32 బైట్లే, కొలిచి చేసినట్టు ఉంటుంది. లెక్క 9 నుంచి 4, అప్పజెప్పడం 9 నుంచి 4. మొత్తం 25.

4. ఏరడం. ప్రతి ఫ్రేమ్‌లో 4,100 రికార్డులనూ కెమెరాకు కనబడుతుందా అని అడుగుతున్నాను. రోడ్డు అన్నది ఒక గీత. బండి ఎన్నో మీటరులో ఉందో తెలిస్తే ముందు 350, వెనక 4 చూస్తే చాలు, ఘాట్‌లో ఆపైన ఎలాగూ కొండ అడ్డం. 8 నుంచి 0.6. మొత్తం 17.6.

ఇక్కడ వారం రోజులు ఇరుక్కున్నాను. 16.67 దాటితే ఆ ఫ్రేమ్ తర్వాతి తెరకే వెళ్తుంది. అంటే 17.6 అయినా ఒకటే, 33 అయినా ఒకటే. ఒక్క మి.సె. కోసం చెట్లు పీకాను, లారీ చక్రాల్లో త్రికోణాలు తగ్గించాను. చక్రాలు చతురస్రాల్లా తిరుగుతున్నాయి.

చివరికి అనుమానం "మిగతావి 4" మీదికి వెళ్లింది. ఏమిటా మిగతావి? నా టైమర్లు. ప్రతి ఫ్రేమ్‌లో ఒక లైను సీరియల్ తీగ మీదుగా పీసీకి ప్రింట్ చేస్తున్నాను. పీసీ అందిందని జవాబిచ్చేదాకా ఆట ఆగుతోంది. కొలిచే పనికే 3.2 మి.సె. పోతున్నాయి. అంకెలను మెమరీలో రాసుకుని ల్యాప్ అయ్యాక ఒకేసారి ప్రింట్ చేసేలా మార్చాను. మొత్తం 14.4. పీకిన చెట్లు మళ్లీ నాటి, చక్రాలు గుండ్రంగా చేశాను.

లెక్క: 123 గంటలు. ఫ్రేమ్ 14.4 మి.సె.

దశ 6: బంపర్ కింద గొయ్యి

నిటారు మలుపుల్లో తెర మీద పెద్ద బూడిద రంగు త్రికోణం మెరిసి మాయమవుతోంది. కెమెరా వెనక్కి వెళ్లిన బిందువుల వల్ల అది. పీసీలో వాటిని కత్తిరించే పని గ్రాఫిక్స్ కార్డు చూసుకుంటుంది. ఇక్కడ చిప్‌కు లోతును 1/డబ్ల్యూ (డబ్ల్యూ అంటే కెమెరా నుంచి దూరం) రూపంలో మనమే లెక్కేసి ఇవ్వాలి. డబ్ల్యూ సున్నాకు దగ్గరైతే ఆ సంఖ్య ఆకాశానికి వెళ్తుంది.

మొదట, ఒక్క బిందువు వెనక ఉన్నా ఆ త్రికోణం వదిలేశాను. బంపర్ ముందు రెండు మీటర్ల రోడ్డు మాయమై ఆకాశం కనబడింది. తర్వాత, రోడ్డును చిన్న ముక్కలు చేస్తే గొయ్యి చిన్నదవుతుందనుకున్నాను. వర్టెక్సులు 7,600 నుంచి 11,000 దాటాయి, గొయ్యి పోలేదు. చివరికి బద్ధకం వదిలి, కెమెరా తలాన్ని దాటే త్రికోణాలను మాత్రమే కత్తిరించే ఫంక్షన్ రాశాను. ఒక ఫ్రేమ్‌లో అలాంటివి పద్నాలుగుకు మించి లేవు. ఖర్చు 0.3.

లెక్క: 140 గంటలు. ఫ్రేమ్ 14.7.

దశ 7: ఇంజన్ శబ్దం

ఇంజన్ లూప్ 2.1 సెకన్లు, 44,100 హెర్ట్జ్, అంటే 92,610 శాంపిళ్లు (శబ్దపు కొలతలు). సౌండ్ చిప్‌లో ఒక ఛానెల్ శాంపిల్‌కు కాలిస్టీ ఓఎస్ ఇచ్చే హద్దు 65,534. తోక తెగిపోయి, ప్రతి చుట్టుకూ బండి దగ్గినట్టు వినబడింది. 22,050కు తగ్గించాను, 46,305 శాంపిళ్లు, హద్దులోకి వచ్చింది. దగ్గు పోయి టిక్కుమనే శబ్దం మిగిలింది. ఏడీపీసీఎం కంప్రెషన్‌లో లూప్ మొదటికి తిరిగినప్పుడల్లా అది వస్తోంది. ఈ ఒక్క శబ్దాన్ని కంప్రెస్ చేయకుండా 16 బిట్లలో పెట్టాను, 92,610 బైట్లు. 2 ఎంబీలో అదెంత? మిగతా శబ్దాలన్నీ ఏడీపీసీఎంలోనే ఉన్నాయి.

లెక్క: 152 గంటలు.

దశ 8: మేనల్లుడు పట్టుకున్న తప్పు

సెలవులకు అక్క కొడుకు వచ్చాడు, తొమ్మిదో తరగతి. రెండు మలుపులు తిప్పి కంట్రోలర్ కింద పెట్టేశాడు.

"మామయ్యా, నేను తిప్పాక కాసేపటికి తిరుగుతోంది."

"లేదురా, అరవై ఫ్రేములు వస్తున్నాయి చూడు."

"ఎన్ని వస్తే ఏంటి, లేటుగా తిరుగుతోంది."

ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, వాడి బొటనవేలు, మానిటర్ రెండూ పడేలా తీశాను. వేలు కదిలాక చక్రం కదలడానికి ఫోన్ ఫ్రేములు 24. అంటే 100 మి.సె. వాడు చెప్పింది నిజమే.

1. కంట్రోలర్‌ను చదివేది చిప్ ఖాళీ అయ్యేదాకా వేచి ఉండే లైనుకు ముందు. అలా వేచి ఉన్నంతసేపూ ఆ సమాచారం పాతబడుతోంది. చదవడాన్ని ఆ లైను తర్వాతకు మార్చాను. 24 నుంచి 20.
2. పీసీలో కీబోర్డు బాణం గుర్తులు నొక్కితే చక్రం ఒక్కసారిగా తిరగకుండా మెల్లగా తిప్పే ఫిల్టర్ రాశాను. అది ఇంకా అలాగే ఉంది. అనలాగ్ స్టిక్‌కు దానితో పనేముంది? తీసేశాను. 20 నుంచి 13, సుమారు 54 మి.సె.
3. యాక్సిలరేటర్ ట్రిగ్గర్ 0 నుంచి 255 దాకా రావాలి. నా పాత కంట్రోలర్‌లో ఎంత నొక్కినా 238. అందుకే బండి టాప్ స్పీడ్ అందుకోవడం లేదు. 230 వస్తే పూర్తిగా నొక్కినట్టే అని పెట్టాను. స్టిక్ వదిలేసినా 9 దాకా చూపిస్తోంది కాబట్టి 14 లోపు సున్నా.

లెక్క: 160 గంటలు.

దశ 9: మెమరీ కార్డులో దెయ్యం బండి

మనం చేసిన మంచి ల్యాప్‌ను నీడ బండిగా చూపించాలి. కార్డులో వాడుకోగలిగేది 512 బైట్ల బ్లాకులు 200, అంటే 102,400 బైట్లు. 150 సెకన్ల ల్యాప్‌కు ఫ్రేమ్‌కు 12 బైట్ల చొప్పున రాస్తే 108,000. కార్డు మొత్తం ఖాళీగా ఉన్నా పట్టదు.

సెకనుకు 10 సార్లే రాసి, మధ్యలోది లెక్కేసుకుందామనుకున్నాను. నీడ బండి హెయిర్‌పిన్‌లలో పిట్టగోడలోంచి నడిచి వెళ్లింది. రెండు బిందువుల మధ్య సరళరేఖ గీస్తే అంతే మరి. స్థానాన్ని ఎక్స్, వై, జెడ్‌గా కాక, రోడ్డు వెంట ఎన్ని మీటర్లు, మధ్య గీత నుంచి ఎంత పక్కకు, ఏ కోణం అని రాశాను. మూడూ రెండేసి బైట్లు. నీడ రోడ్డు మీదికి వచ్చింది. 9,000 బైట్లు, హెడర్‌కు, ఐకాన్‌కు 640, కలిపితే 19 బ్లాకులు. కార్డులో పాత బటన్ సెల్స్ రెండూ మార్చాను, 100 రూపాయలు.

లెక్క: 14,950 రూపాయలు, 170 గంటలు.

దశ 10: అసలు డిస్క్, లారీ పొగ

ఇన్నాళ్లూ ఫైళ్లు ప్రోగ్రామ్‌తోపాటే తీగ మీదుగా వచ్చేవి. సీడీ మీద రాసి పెడితే లోడింగ్‌కు 31 సెకన్లు. ఫైళ్లు 74, ప్రతి ఫైలుకూ లెన్స్ వెతుక్కుంటూ వెళ్తోంది, ఆ గరగర పక్క గదిలోకి వినబడుతోంది. అన్నిటినీ వాడే వరుసలో ఒకే ఫైలుగా అతికించాను. 6 సెకన్లు. ఎమ్యులేటర్‌లో రెండూ ఒక సెకనులోపే.

లెక్క: 185 గంటలు, చెడిన సీడీలు నాలుగు.

ఇక అయిపోయిందనుకుంటే, ఏడో హెయిర్‌పిన్‌లో లారీ వెనక పడిన ప్రతిసారీ ఆట బరువెక్కుతోంది. ప్రాసెసర్ టైమ్ చూస్తే 14.9, పెద్దగా ఏం మారలేదు. ఈసారి చిప్ టైమ్ 6.8 నుంచి 19.3కు ఎగిరింది. లారీ పొగను పారదర్శకమైన 24 పొరలతో చేశాను. గట్టి వస్తువుల్లో చాటున ఉన్నవి ఉచితం, పారదర్శకమైనవి కాదు. ప్రతి పిక్సెల్‌లో అన్ని పొరలనూ వరుస పెట్టి కలపాలి, పొగ తెరంతా నిండినప్పుడు 24 సార్లు. దశ 5లో లేని భారాన్ని వెతికిన చోటే ఇప్పుడు నిజంగా భారం ఉంది.

1. చెట్ల ఆకులను పారదర్శక జాబితాలోంచి తీసి, ఉంటే ఉంది లేకపోతే లేదు అనే పంచ్ త్రూ జాబితాలో వేశాను. 19.3 నుంచి 16.1.
2. పొగను 24 పొరల నుంచి 6కు తగ్గించి, ఒక్కోదాన్ని పెద్దది చేశాను. 11.2.

చివరి లెక్క: 14,950 రూపాయలు, 194 గంటలు, ప్రాసెసర్ 14.9 మి.సె., చిప్ 11.2 మి.సె., ట్రాక్ మొత్తంలో ఎక్కడా 60 తగ్గలేదు.

కొత్త డిస్క్ వేసి మేనల్లుడికి ఇచ్చాను. ఏడో హెయిర్‌పిన్‌లో కావాలనే లారీ వెనక్కి వెళ్లి, కాసేపు పొగలోకి చూసి, నా వైపు తిరిగాడు.

"ఏంటి మామయ్యా, లారీని బీఎస్-6 చేశావా?"